కెడా డాక్టరమ్మ కోసం వెతుకులాట

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక చిన్న సవరణ. బయట బోర్డు మీద 'తొలితరం మలయాళీ డాక్టర్' అని పడింది, లోపలికి వస్తూ చదివే ఉంటారు. మలయాళీ కాదండీ, మలయ్, అంటే మలేసియాలోని స్థానిక జాతి. కేరళకీ ఈ కథకీ ఒక దూరపు చుట్టరికం ఉంది, అది తర్వాత చెప్తాను. ఇవాళ మనం మాట్లాడుకునేది మలేసియాలో పుట్టి పెరిగిన ఒక మలయ్ డాక్టరమ్మ గురించి. పేరు సితి హస్మా. ఆ దేశపు తొలితరం మలయ్ లేడీ డాక్టర్లలో ఒకరు. 

నేను పదమూడేళ్ళు కౌలాలంపూర్‌లో ఉన్నాను. ఆరోగ్య రంగంలోనే ఉద్యోగం. సెలవు దొరికినప్పుడల్లా ఈవిడ డాక్టరీ జీవితం గురించి వెతుకుతూ ఉండేదాన్ని. ఈవిడతో నీకేం పని అని అక్కడా అడిగారు, ఇక్కడికొచ్చాక మా ఇంట్లోవాళ్ళూ అడుగుతున్నారు. దానికి జవాబు చెప్పాలంటే మా అమ్మమ్మ దగ్గర మొదలుపెట్టాలి.

మాది తుని దగ్గర పల్లెటూరు. మా అమ్మమ్మ మంత్రసాని. ఊళ్ళో నా ఈడు వాళ్ళలో సగం మందికి బొడ్డు కోసింది ఆవిడే. అర్ధరాత్రి ఎవరో లాంతరు పట్టుకుని వచ్చి తలుపు కొడితే, నోట్లో పొగచుట్ట పక్కన పెట్టి, ముఖం కడుక్కుని, చిన్న మూట చంకన పెట్టుకుని వెళ్ళిపోయేది. ఒకసారి ఒక కాన్పు కష్టమై, ఎడ్లబండిలో ఆస్పత్రికి తీసుకెళ్తే, అక్కడున్న డాక్టరు అందరి ముందూ అమ్మమ్మని తిట్టాడట. చదువు లేనిదానివి నీకెందుకే ఈ పని, మనుషుల్ని చంపుతావా అని. తల్లీ బిడ్డా బతికారు. కానీ అమ్మమ్మ ఇంటికొచ్చి ఆ మూట అటక మీద పడేసింది, మళ్ళీ ఎవరు పిలిచినా వెళ్ళలేదు. వాళ్ళ ఊరికి అప్పటికి నర్సు లేదు, రోడ్డు లేదు. ఆ తర్వాత రెండు మూడేళ్ళు ఆ ఊళ్ళో కాన్పులు ఎవరు చేశారు, ఎలా జరిగాయి అన్నది తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఈ సంగతి మనసులో పెట్టుకునే కౌలాలంపూర్ వెళ్ళాను. అక్కడ ఒకరోజు ఆఫీసు లైబ్రరీలో, పాత పత్రికల్లో ఏదో వెతుకుతుంటే, మలయ్ పల్లెల ఆరోగ్యపు అలవాట్ల గురించి 1960ల్లో రాసిన ఒక వ్యాసం కంటబడింది. రాసింది డాక్టర్ సితి హస్మా బింతి మొహమ్మద్ అలీ. చదువుతూ చదువుతూ ఆగిపోయాను. అప్పటికి ఆ పేరు నాకు తెలుసు, మలేసియాలో తెలియనివాళ్ళు ఉండరు, ఎందుకంటే ఆవిడ ప్రధాని మహతీర్ మొహమ్మద్ భార్య. ఆయన 1981 నుంచి 2003 దాకా, మళ్ళీ 2018 నుంచి 2020 దాకా ప్రధాని. అన్నేళ్ళూ పత్రికల్లో ఆయన పక్కన చిరునవ్వుతో నిలబడ్డ ఆవిడని చూసి చూసి, ఆవిడ డాక్టర్ అన్న మాట ఒక బిరుదులాగా అయిపోయింది. పేరుకి ముందు 'డాక్టర్' ఉంటుంది, అంతే. ఆ డాక్టరు ఎక్కడ పనిచేసింది, ఏం చేసింది అని నేను కలిసిన పాతికేళ్ళ మెడికల్ స్టూడెంట్లని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. 1955లో డాక్టరైన మనిషి ప్రధాని భార్య అయింది 1981లో. మధ్యలో ఇరవై ఆరేళ్ళు. అందులో ఇరవై ఏళ్ళకు పైగా ప్రభుత్వ డాక్టరుగానే ఉన్నారు. నాకు కావలసింది ఆ ఇరవై ఏళ్ళు.

వెతకడం మొదలుపెట్టగానే మొదట తగిలిన చిక్కు 'మొదటి' అనే మాట. కొన్ని చోట్ల సితి హస్మానే మొదటి మలయ్ లేడీ డాక్టర్ అని రాసేస్తారు. అది తప్పు. ఆవిడ కన్నా ముందు సల్మా ఇస్మాయిల్ ఉన్నారు. 1918లో కెడా రాష్ట్రంలో, అలోర్ సెతార్‌లో పుట్టారు. సింగపూర్‌లోని కింగ్ ఎడ్వర్డ్ సెవెన్ కాలేజ్ ఆఫ్ మెడిసిన్‌లో చదివి 1947లో డాక్టరయ్యారు. డాక్టరీ పాసైన మొదటి మలయ్ స్త్రీ ఆవిడ. మధ్యలో జపాన్ వాళ్ళ ఆక్రమణ వచ్చి చదువు ఆగిపోయింది, యుద్ధం అయ్యాక మళ్ళీ వెళ్ళి పూర్తిచేశారు. మనలో ఎంతమందిమి ఒకసారి ఆగిన చదువు దగ్గరికి, అందులోనూ డాక్టరీ చదువు దగ్గరికి, అన్నేళ్ళ తర్వాత తిరిగి వెళ్ళగలం చెప్పండి? నన్నడిగితే సల్మా గారి మీద ఒక పెద్ద పుస్తకం రావాలి.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. సల్మా గారు పాసై బయటికొచ్చింది 1947, అదే కాలేజీలో సితి హస్మా చేరిందీ 1947. మొట్టమొదటి అమ్మాయి గేటు దాటి బయటికి వచ్చిన ఏడాదే ఈ అమ్మాయి లోపలికి వెళ్ళింది.

ఆ కాలేజీ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇది లేకపోతే ఈ కథే లేదు. సింగపూర్‌లో 1905లో పెట్టారు దాన్ని. ఊరికే పెట్టలేదు. తాన్ జియాక్ కిమ్ అనే వ్యాపారి ముందు నిలబడి, అక్కడి జనం తరఫున గవర్నర్‌కి అర్జీ పెట్టి, మా పిల్లలకి డాక్టరీ నేర్పే బడి కావాలని అడిగితే, ముందు మీరు డబ్బు పోగుచేసి చూపించండి అంది ప్రభుత్వం. అడిగిన దానికన్నా ఎక్కువే, 87,077 డాలర్లు పోగుచేశారు వాళ్ళు. అప్పటి స్ట్రెయిట్స్ డాలర్లు. మొదటి ఏడాది 23 మంది విద్యార్థులు, తరగతులు జరిగింది పాత ఆడవాళ్ళ పిచ్చాసుపత్రి భవనంలో. ఆ పేటని సిపాయ్ లైన్స్ అంటారు, మన దేశం నుంచి కంపెనీ తీసుకెళ్ళిన సిపాయిల బ్యారక్‌లు ఉండేవి అక్కడ. నేను ఆ రోడ్డు మీద నడుస్తున్నప్పుడు ఆ పేరు చదివి కాసేపు నిలబడిపోయాను. మన నోట్లో నానిన మాట అక్కడ బోర్డు మీద ఉంది.

ఆ ఆవరణలో ఇంకో జ్ఞాపకం కూడా ఉంది, అది చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. 1942 ఫిబ్రవరి 14, సింగపూర్ జపాన్‌కి లొంగిపోవడానికి సరిగ్గా ఒక రోజు ముందు. బాంబు దాడిలో చనిపోయిన ఒక తోటి విద్యార్థిని పాతిపెట్టడానికి మెడికోలు అక్కడ గుమిగూడారు. సమాధి చుట్టూ నిలబడి ఉండగానే మళ్ళీ షెల్స్ వచ్చి పడ్డాయి. 11 మంది విద్యార్థులు చనిపోయారు. ఇరవై ఏళ్ళ పిల్లలు. యుద్ధం తర్వాత ఆ కాలేజీలో చేరిన వాళ్ళంతా, సితి హస్మాతో సహా, ఆ నేల మీద నడుస్తూ చదువుకున్నవాళ్ళే.

ఆవిడ పుట్టింది 1926 జూలై 12న, సెలంగోర్‌లోని క్లాంగ్‌లో. చదివింది కౌలాలంపూర్‌లో సెయింట్ మేరీస్ స్కూల్లో. జపాన్ వాళ్ళు వచ్చినప్పుడు 15 ఏళ్ళ పిల్ల, ఆ మూడున్నరేళ్ళు చదువు గల్లంతు. ఇంట్లో చదువుకి విలువ ఉంది. అన్నగారు ఇస్మాయిల్ అలీ కేంబ్రిడ్జిలో చదివొచ్చి తర్వాత ఆ దేశపు కేంద్ర బ్యాంకుకి గవర్నర్ అయ్యారు, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మలయ్ ఆయన. కానీ ఆడపిల్లని ఒంటరిగా సింగపూర్ పంపి, ఆరేడేళ్ళు హాస్టల్లో పెట్టి, మగపిల్లల పక్కన కూర్చోబెట్టి శవపరీక్ష గదిలో చదివించడం అనేది అప్పటి మలయ్ కుటుంబాల్లో మామూలు సంగతి కాదు. ఆ ఏడాది బ్యాచ్‌లో మలయ్ విద్యార్థులు ఏడుగురే. ఆ ఏడుగురిలో ఒకడు మహతీర్. ఇందాక చెప్పిన కేరళ చుట్టరికం ఇదే, ఆయన తండ్రి తరఫు పెద్దలు కేరళ నుంచి వెళ్ళినవాళ్ళు. ఆయన 1953లో పాసయ్యారు. ఆవిడ 1955లో. అప్పటికి ఆ కాలేజీ యూనివర్సిటీ ఆఫ్ మలయాలో భాగమైపోయింది. డిగ్రీ చేతికి రాగానే కౌలాలంపూర్ జనరల్ హాస్పిటల్లో ప్రభుత్వ ఉద్యోగం. 1956 ఆగస్టు 5న పెళ్ళి. ఇంకో ఏడాదికి, 1957 ఆగస్టు 31న, దేశానికి స్వాతంత్ర్యం. అంతలోనే మకాం కెడాకి మారింది. మహతీర్ అలోర్ సెతార్‌లో సొంత క్లినిక్ పెట్టుకున్నారు, ఈవిడ మాత్రం ప్రభుత్వ ఉద్యోగంలోనే ఉండిపోయారు.

ఇక్కడే నా అసలు వెతుకులాట మొదలైంది, ఇక్కడే దారీ తప్పింది. మీలో ఎవరైనా వాళ్ళ తాతల గురించి, ఊరి గురించి పాత రికార్డులు తిరగేస్తూ ఉంటే ఈ సంగతి పనికొస్తుంది, అందుకే కొంచెం వివరంగా చెప్తాను.

మలయ్ వాళ్ళకి ఇంటిపేరు ఉండదు. సితి హస్మా బింతి మొహమ్మద్ అలీ అంటే మొహమ్మద్ అలీ గారి కూతురు సితి హస్మా అని. మగవాళ్ళకైతే బిన్. పెళ్ళయినా ఆడవాళ్ళ పేరు మారదు, చచ్చేదాకా తండ్రి పేరే. ఇది మంచి సౌకర్యం అనుకుంటాం, కానీ ఇంగ్లిష్ పత్రికలకి ఆ అలవాటు లేదు. ఒకచోట చె సితి హస్మా, ఇంకోచోట డాక్టర్ హస్మా, ఇంకోచోట మిసెస్ మహతీర్. భర్త పదవి పెరిగే కొద్దీ ముందు వచ్చే బిరుదులు మారాయి, 2003లో తున్ అన్నారు. ఒకే మనిషిని అయిదారు పేర్లతో వెతకాలి. సింగపూర్ నేషనల్ లైబ్రరీ వాళ్ళు పాత పత్రికలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టారు, అందులో మొదట ఆరు నెలలు నేను 'అలోర్ సెతార్' అని కొట్టి వెతుకుతూ కూర్చున్నాను, ఎంతకీ ఏమీ రాదు. అప్పటి ఇంగ్లిష్ పత్రికలు 'అలోర్ స్టార్' అని రాసేవి. ఆ ఒక్క ముక్క తెలిశాక కుప్పలు కుప్పలుగా వచ్చాయి. సల్మా పేరుకీ అంతే, చివర ఒక అక్షరం ఉందా లేదా అన్న తేడాతో రెండు వేర్వేరు మనుషులు అనుకున్నాను కొన్నాళ్ళు. మనవాళ్ళ సంగతి కూడా ఇలాగే ఉంటుంది. విశాఖ, గంజాం జిల్లాల నుంచి రబ్బరు తోటలకి వెళ్ళిన కుటుంబాల్లో సింహాచలం అప్పన్న పేర్లు ఎక్కువ కదా, అవి అక్కడి రిజిస్టర్లలో తమిళ గుమాస్తాల చేతిలో, ఇంగ్లిష్ దొరల చేతిలో పడి మనం గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి. పేరు ఎన్ని రకాలుగా రాయొచ్చో ముందు ఒక కాగితం మీద రాసుకుని కూర్చోండి, సగం పని అయినట్టే.

ఇంకో అడ్డంకి లిపి. ఆ రోజుల్లో మలయ్ పత్రికలు ఎక్కువగా జావి లిపిలో ఉండేవి. జావి అంటే అరబిక్ అక్షరాలతో మలయ్ భాష రాయడం. మా పక్కింట్లో ఉండే పెద్దావిడ, నేను మక్ చిక్ అని పిలిచేదాన్ని, అంటే మన పిన్ని లాంటి పిలుపు, రోజూ సాయంత్రం టీ తాగుతూ నాకు అక్షరాలు దిద్దించారు. నేను మొట్టమొదట కూడబలుక్కుని చదివిన మాట బిదాన్. బా, యా, దాల్, నూన్. నాలుగే అక్షరాలు. బిదాన్ అంటే మంత్రసాని. ఆ మాట నా అంతట నేను చదవగలిగిన రోజు అమ్మమ్మ గుర్తొచ్చి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మక్ చిక్ ఏమైంది అని కంగారు పడ్డారు. వచ్చీరాని మలయ్‌లో ఆవిడకి అంతా చెప్పాను.

సరే, కెడా. మలేసియా పటంలో వాయవ్య మూలన, థాయ్‌లాండ్ సరిహద్దు పక్కన ఉంటుంది. ఆ దేశానికి అన్నం గిన్నె. అలోర్ సెతార్ నుంచి ఏ దిక్కుకి బయల్దేరినా వరి చేలే, మధ్యలో కాలవలు, కాలవ గట్ల మీద ఇళ్ళు. మొదటిసారి బస్సులో వెళ్తూ కిటికీలోంచి చూస్తే కోనసీమకి వచ్చేశానేమో అనిపించింది, కొబ్బరి చెట్లతో సహా. ఇళ్ళు మాత్రం కర్ర స్తంభాల మీద ఎత్తుగా ఉంటాయి. వానాకాలంలో నీళ్ళు ఇంటి కిందకి వచ్చేస్తాయి. ఇలాంటి ఊళ్ళో 1950ల్లో ఒకావిడకి నొప్పులు వస్తే ఆస్పత్రికి వెళ్ళే ప్రశ్నే లేదు. బిదాన్‌ని పిలిచేవాళ్ళు.

బిదాన్ చేసే పనులు ఒక్కొక్కటీ వింటుంటే నాకు మా అమ్మమ్మ గొంతే వినిపించేది. ఏడో నెలలో కడుపుతో ఉన్నావిడని పడుకోబెట్టి, నడుం కింద రంగు రంగుల గుడ్డలు పరిచి, అటూ ఇటూ మెల్లగా ఊపే వేడుక, మన సీమంతం లాంటిది. వెదురు పేడుతో బొడ్డు కోయడం. మాయని కడిగి, ఉప్పూ చింతపండూ వేసి పాతిపెట్టడం, మాయ అంటే బిడ్డకి తోబుట్టువు అని వాళ్ళ నమ్మకం. కాన్పయ్యాక పొట్టకి బిగించి కట్టే పొడుగాటి గుడ్డ, బెంగ్‌కుంగ్ అంటారు, మన నడికట్టే అది. వేడిచేసిన రాయి గుడ్డలో చుట్టి పొట్ట మీద కాపడం. మంచం కింద నిప్పులు. నలభై రోజుల పథ్యం, దాన్ని పంతాంగ్ అంటారు, చలవ చేసేవి తినకూడదు, ఆకుకూరలు వద్దు, పళ్ళు వద్దు, కొన్ని చేపలు వద్దు. వేడి, చలవ అనే లెక్క మనకీ వాళ్ళకీ ఒకటే. పురిట్లో చనిపోయిన ఆడది పొంతియానక్ అనే దెయ్యం అవుతుందని భయం. దెయ్యం కథగా వింటే పిల్లలు కేకలు పెడతారు, కానీ ప్రతి ఊళ్ళో ఆ దెయ్యం ఉందంటే ప్రతి ఊళ్ళో పురిట్లో పోయిన ఆడవాళ్ళు ఉన్నారని కదా అర్థం.

ఉన్నారు. 1957లో ఆ దేశంలో లక్ష కాన్పులకి సుమారు 280 మంది తల్లులు చనిపోయేవాళ్ళు. వెదురు పేడు వల్ల ధనుర్వాతం, కొంకిపురుగులూ పథ్యమూ కలిసి రక్తహీనత, కాన్పయ్యాక ఆగని రక్తస్రావం. ఇలాంటప్పుడు చదువుకున్న డాక్టరుకి కోపం రావడం సహజం. నిషేధించండి, జైల్లో పెట్టండి అనడం చాలా తేలిక. మా ఊళ్ళో జరిగింది ఒకరకంగా అదే.

అక్కడ వాళ్ళు ఎంచుకున్న దారి వేరు. పల్లెల కోసం మూడు అంచెల ఏర్పాటు చేశారు. 50,000 జనాభాకి ఒక పెద్ద హెల్త్ సెంటర్, 10,000 మందికి ఒక సబ్ సెంటర్, 2,000 మందికి ఒక మంత్రసాని క్లినిక్. ఆ క్లినిక్‌లోనే శిక్షణ పొందిన ప్రభుత్వ మిడ్‌వైఫ్ కాపురం ఉంటుంది, అర్ధరాత్రి తలుపు కొట్టినా పలుకుతుంది. మన దగ్గర సబ్ సెంటర్‌కి 5,000 జనాభా అని లెక్క పెట్టుకున్నాం, అదీ ఎన్ని చోట్ల ఏఎన్ఎం అక్కడే కాపురం ఉంటుందో మీకే తెలుసు. ఇది ఒక ఎత్తు. రెండోది, ఊళ్ళో ఉన్న పాత బిదాన్లని వెళ్ళగొట్టకుండా పేర్లు రాసుకుని, పిలిపించి, శిక్షణ ఇచ్చి, సామాన్ల పెట్టె ఇచ్చి, కొత్త మిడ్‌వైఫ్‌కి తోడుగా పెట్టారు. కాన్పు మిడ్‌వైఫ్ చేస్తుంది, పొట్టకి నూనె రాయడం, నడికట్టు కట్టడం, బాలింతకి ధైర్యం చెప్పడం బిదాన్ చేస్తుంది. ఎవరి గౌరవం వాళ్ళకి. అలాగని గాలికి వదిలేయలేదు, 1966లో మిడ్‌వైవ్స్ చట్టం తెచ్చి ఎవరు కాన్పు చేయొచ్చో, ఎవరు చేయకూడదో రాసి పెట్టారు.

సితి హస్మా గారు పనిచేసింది ఇందులో. 1966లో తల్లీబిడ్డల ఆరోగ్య విభాగంలో మెడికల్ ఆఫీసర్‌గా వేశారు ఆవిడని, ఆ పోస్టులో మొదటి స్త్రీ ఆవిడే. 1974లో కెడా రాష్ట్రం మొత్తానికి ఆ విభాగపు అధికారి అయ్యారు, అదీ మొదటిసారి ఒక స్త్రీకే. ఈ రెండు తేదీల మధ్య ఇంట్లో ఏం జరిగిందో కూడా గుర్తుపెట్టుకోవాలి. 1969లో మహతీర్ ఎన్నికల్లో ఓడిపోయారు, అప్పటి ప్రధానిని తప్పుపడుతూ ఉత్తరం రాసినందుకు పార్టీ నుంచి బహిష్కరించారు. భర్త ప్రభుత్వానికి కిట్టని మనిషి అయిపోయాడు, భార్య ప్రభుత్వ ఉద్యోగి, ఇంట్లో పిల్లలు. ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఊహించుకోండి. ఆ ఏళ్ళలోనూ ఆవిడ ఉద్యోగం వదల్లేదు. భర్త పదవి వల్ల ఈవిడకి పేరొచ్చిందని అనేవాళ్ళకి నేను ఈ తేదీలే చూపిస్తాను. 1966 నాటికి ఆయన మొదటిసారి గెలిచిన మామూలు ఎంపీ, మంత్రి కూడా కాదు.

ఇందాక చెప్పిన వ్యాసంలో నన్ను ఆపేసింది ఏమిటంటే, ఆవిడ పల్లెటూరి ఆడవాళ్ళ నమ్మకాలని ముందు వాళ్ళ వైపు నుంచి అర్థం చేసుకోవాలని చూడటం. ఆవిడ కూడా మలయ్ ఆడదే, పంతాంగ్ ఏమిటో పుట్టింట్లో చూసిందే. పట్నంలో కాన్వెంటులో చదివి, సింగపూర్‌లో డాక్టరీ పాసైన మనిషికి ఇది ఎంత కష్టమో డాక్టర్లని దగ్గర నుంచి చూసిన నాకు తెలుసు. చదువు మనల్ని అమ్మమ్మల నుంచి దూరం చేస్తుంది. ఈవిడ చదువుని పట్టుకుని మళ్ళీ అమ్మమ్మల దగ్గరికే వెళ్ళారు.

ఫలితం ఒక్కరి పుణ్యం కాదు, ఆ మాట గట్టిగా చెప్పాలి. వందల మంది మిడ్‌వైఫ్‌లు, నర్సులు, సైకిళ్ళ మీదా పడవల మీదా తిరిగినవాళ్ళు, రోడ్లు వేసినవాళ్ళు, ఆడపిల్లలకి బడి పెట్టినవాళ్ళు అందరూ ఉన్నారు అందులో. 1957లో లక్షకి 280 ఉన్న తల్లుల మరణాలు 1970కి దాదాపు సగానికి, 1980కి అరవై చిల్లరకి దిగాయి. పాతికేళ్ళు కూడా పట్టలేదు.

కాగితాల మీద ఇంత దొరికాక, మనుషుల్ని వెతకాలనిపించింది. 2016లో ఆవిడ జ్ఞాపకాలు పుస్తకంగా వచ్చాయి, అది ఆవిడ గొంతు. నాకు అటు పక్క గొంతు కావాలి, నేల మీద చాప వేసుకుని శిక్షణ విన్నవాళ్ళది. పాత హాజరు రిజిస్టర్లు దొరుకుతాయేమోనని ఒక క్లినిక్‌కి వెళ్ళాను. కొత్త భవనానికి మారినప్పుడు పాత కాగితాలన్నీ తూకానికి అమ్మేశాం అన్నారు అక్కడి అమ్మాయి, ఎంతో మర్యాదగా, టీ ఇచ్చి మరీ. ఇరవై ఏళ్ళ కాన్పుల లెక్క, ఏ ఊళ్ళో ఎవరి చేతుల మీద ఏ బిడ్డ పుట్టిందో రాసిన పుస్తకాలు. ఆ రోజు బస్టాండులో కూర్చుని చాలాసేపు ఏడుపు ఆపుకున్నాను. మన పంచాయతీ ఆఫీసుల్లో, మన పీహెచ్‌సీల్లో ఇలాంటి పుస్తకాలు ఇంకా మూలన పడి ఉంటే, దయచేసి ఎవరైనా వెళ్ళి ఫోన్‌తో ఫోటోలైనా తీసి పెట్టండి. బతిమాలుకుంటున్నాను.

ఆ క్లినిక్ అమ్మాయే, పాపం, నా మొహం చూసి జాలిపడి, ఒక ఊరి పేరు చెప్పింది. అక్కడ ఒక పాత బిదాన్ ఇంకా ఉన్నారని. మర్నాడు మక్ చిక్ వాళ్ళ అబ్బాయి కారులో వెళ్ళాం. కాలవ గట్టు మీద కర్ర ఇల్లు. మెట్ల దగ్గర కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళ జాడీ. ఆవిడకి తొంభై దాటి ఉంటాయి. చూపు మందగించింది, చేతులు మాత్రం ఎంత స్థిరంగా ఉన్నాయో. నేను వెళ్ళిన పని చెప్తే, గోడ వారన ఉన్న అలమారా కింద నుంచి ఒక పెట్టె లాగమన్నారు. అల్యూమినియం పెట్టె, మూత మీద సొట్టలు. లోపల ఒక చిన్న గిన్నె, గోళ్ళు తోముకునే బ్రష్, మైనపు గుడ్డ, దారపు ఉండ, తెల్ల గుడ్డలో చుట్టిన కత్తెర. కత్తెరకి ఎక్కడా తుప్పు లేదు. ప్రతి ఏడాదీ రంజాన్ ముందు కొబ్బరినూనె రాస్తానన్నారు.

శిక్షణ ఎవరిచ్చారు అని అడిగాను. నర్సులు చెప్పేవాళ్ళు, ఒకసారి ఒక దోక్తోర్ పెరెంపువాన్ వచ్చారు అన్నారు. అంటే లేడీ డాక్టర్. పేరు గుర్తులేదు. వచ్చి మా పక్కన చాప మీదే కూర్చుంది, మీరు బొడ్డు ఎలా కోస్తారో ముందు నాకు చూపించండి అని అడిగింది, ఒకావిడ అరటిపువ్వు తొడిమ తీసుకుని కోసి చూపించింది, తర్వాత ఆ డాక్టరు కత్తెర మరిగించడం చూపించింది అన్నారు.

ఆ మాట వినగానే నా చేయి నోట్‌బుక్ మీద ఆగిపోయింది. సితి హస్మా అని రాసేయాలని ఎంత అనిపించిందో! కెడాలో, ఆ కాలంలో, మలయ్ లేడీ డాక్టర్ ఇంకెవరుంటారు అని మనసు లాగేసింది. రాయలేదు. ఆవిడ చెప్పిన మాట చెప్పినట్టే, 'ఒక లేడీ డాక్టరు' అని రాసుకున్నాను. ప్రధాని భార్య పేరు పెడితే నా వ్యాసానికి అందం వస్తుంది, కానీ అక్కడ నిజంగా వచ్చి కూర్చున్నది ఇంకెవరో అయితే, ఆవిడ ఎవరో గానీ ఆవిడ నుంచి ఆ చాప లాగేసుకున్నట్టే కదా.

లేచి వచ్చేటప్పుడు, నువ్వెందుకు ఇదంతా అడుగుతున్నావు అన్నారు. మా అమ్మమ్మ కూడా బిదాన్ అని చెప్పాను. ఆవిడ నా చేయి పట్టుకుని అరచేయి తడిమారు, నా చేతిలో ఆ పని ఉందేమో చూస్తున్నట్టు. మీ అమ్మమ్మకి ఏ పెట్టె ఇచ్చారు అని అడిగారు. పెట్టె ఇవ్వలేదండీ అన్నాను. ఆవిడకి అర్థం కాలేదనుకుంటా, మక్ చిక్ వాళ్ళ అబ్బాయి వైపు తిరిగి మళ్ళీ అడిగారు, అతను కూడా అదే చెప్పాడు. అప్పుడు కత్తెర తీసి కాసేపు నా చేతిలో పెట్టి, తిరిగి తీసుకుని గుడ్డలో చుట్టి మూత వేశారు.

ఆ పెట్టె ఫోటోలు నా ఫోన్‌లో ఉన్నాయి. చూడాలనుకునేవాళ్ళు ఇటు దగ్గరికి రండి. మీ ఇళ్ళల్లో మంత్రసానులు ఉండి ఉంటే వాళ్ళ పేరు, ఊరు చెప్పి వెళ్ళండి, నేను రాసుకుంటాను. నమస్కారం.